కనరాని వానికి చేయు దానము

శ్రీరామనవమినాడు పల్లెలో కల్యాణము ముగిసిన పిమ్మట అన్నసంతర్పణ జరుగును. వడ్డించువాడు తినువాని ముఖమును చూచును. తినువాడు తృప్తుడై దీవించును. దానఫలము విస్తరి ముందే కనబడును. సిద్దిపేట చెంత నున్న చింతమడక వంటి గ్రామములలో ఇట్టి దానమునకు కొరత యుండదు. ఒక ఇంట క్యాన్సరు వచ్చినదని తెలిసిన నాడును అంతే. ఇరుగుపొరుగువారు చేతనైనది పోగుచేసి ఇత్తురు, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి వరకు రోగికి తోడుగా పోవుదురు.

కాని ఆ వ్యాధికి మందు కనుగొను పరిశోధనకై పది రూపాయలిమ్మని అడిగినచో అదే గృహస్థుడు వెనుకాడును. ఆ ధనము ఎవరికి ఉపకరించునో తెలియదు. పదేండ్లకు ఫలించునో, ఎన్నటికిని ఫలింపదో చెప్పువారు లేరు. ఈ సందేహము లోభమువలన పుట్టినది కాదు. దానిని తేలికగా త్రోసివేయరాదు.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు సాత్త్విక దానమునకు చెప్పిన లక్షణములలో ఒకటి గమనింపదగినది. తిరిగి ఉపకారము చేయనివానికి, ఇవ్వవలసినదను బుద్ధితో ఇచ్చునదియే సాత్త్వికము. పొరుగువాడు ఏదో ఒకనాడు బదులు తీర్చగలడు. ఇంకను పుట్టని బిడ్డ ఏమి తీర్చగలదు? భాగవతములోని రంతిదేవుడు నలువదియెనిమిది దినములు ఉపవసించి, దొరికిన అన్నమును అతిథులకిచ్చి, చివరకు మిగిలిన నీటిని సైతము దప్పిగొన్నవానికి ధారపోసెను. ఆయన కోరినది మోక్షము కాదు. సకల ప్రాణుల దుఃఖమును తానే అనుభవించి వానిని దుఃఖరహితములుగా చేయుట. సకల ప్రాణులనగా కంటికి కనబడినవి మాత్రమే కావు గదా!

ఇట్టి దానము ఎంత దూరము పోవునో తెలుగునాటనే ఒక నిదర్శనము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనమున సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరదలచెను. తల్లి అంగీకరింపలేదు. ఆయన వైద్యవిద్య నభ్యసించెను. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధితో స్వల్పకాలములో మరణించిరి. పై చదువులకు అమెరికా పోవ ధనము లేదు. మామగారు కొంత సాయపడిరి. రంగూనులో వ్యాపారము చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ పేర కాకినాడలో నెలకొన్న ధర్మసంస్థ కొంత సాయపడెను. అట్లు సుబ్బారావు బోస్టను చేరెను.

తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారైనది. సోదరులను బలిగొన్న వ్యాధికి అది ఔషధమైనది. అంతటితో కథ ముగియలేదు. రక్తక్యాన్సరు గల పిల్లలకు ఆ ఆమ్లమే వ్యాధిని పెంచుచున్నట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించెను. అట్లయిన దానిని అడ్డగించు పదార్థము వ్యాధిని అణచవలెను. సుబ్బారావు బృందము అట్టి పదార్థములను తయారుచేసి ఇచ్చెను. వానిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను ఇచ్చిన పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము గుణము కనబడినదని ఫార్బర్ 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. దాని సోదర ఔషధమైన మెతోట్రెక్సేట్ నేటికిని రక్తక్యాన్సరు పిల్లల చికిత్సలో వాడబడుచున్నది. కాకినాడ ధర్మనిధిని నెలకొల్పిన దాత ఈ ఫలమును చూచుటకు జీవించి యుండలేదు. రక్తక్యాన్సరు పేరైనను ఆయన తలపునకు వచ్చి యుండదు.

అదే 1948 మే నెలలో బోస్టనులో జిమ్మీ అను మారుపేరుతో ఒక రోగబాలుని మాటలను రేడియోలో వినిపించిరి. ఇరువదివేల డాలర్లు ఆశించిరి. రెండు లక్షల ముప్పదియొక వేలకు పైగా వచ్చినవి. పంపినవారు సామాన్యులు.

వ్యాధి పూర్వకర్మ ఫలమనియు, దానిని నివారింప యత్నించుట ఈశ్వరేచ్ఛకు అడ్డు వచ్చుటయనియు కొందరందురు. శ్రీమన్నారాయణుడే ధన్వంతరియై అమృతకలశముతో క్షీరసాగరమునుండి వెలువడెనని నమ్మువారికి ఈ మాట పొసగదు.

పాత్రాపాత్ర విచారము మాత్రము తప్పదు. వ్యాధి పేరు చెప్పి వసూలు చేయువారందరు యోగ్యులు కారు. లెక్కలు చూపు సంస్థకే ఇవ్వవలెను. తిరుపతిలో అలిపిరి చెంత దేవస్థానమువారి స్థలమున, టాటా ట్రస్టుల పూనికతో, శ్రీ వేంకటేశ్వరుని పేర క్యాన్సరు వైద్య పరిశోధన సంస్థకు 2018లో శంకుస్థాపన జరిగినది; 2022లో ఆసుపత్రి ప్రారంభమైనది. కొండనెక్కు యాత్రికుడు దానిని చూడవచ్చును.

ధనము లేనివాడు ఇవ్వగలిగినదియు ఒకటి కలదు. 2019లో చింతమడక ప్రజలకు ఆరోగ్యపరీక్షలు జరిపి, వారి వివరములను నమోదుచేయు కార్యక్రమము చేపట్టబడినది. అది గ్రామస్థుల మేలుకై తలపెట్టినది. అయితే పరిశోధకుడు వెదకునదియు ఇట్టి వివరములనే: ఎవరికి, ఏ వయసున, ఏ వ్యాధి వచ్చినది, ఏ మందు పనిచేసినది. పెద్ద ఆసుపత్రులలో శస్త్రచికిత్స పిమ్మట మిగిలిన కణజాలమును పరిశోధనకు వాడుకొనుటకు రోగి అనుమతిని కోరుట కలదు. భయపడి కాదనువారు పలువురు. ఆ కాగితములో నున్నదేమో చదివి వినిపించుటకు, వైద్యుని అడుగవలసినది అడుగుటకు, గ్రామమున చదువుకొన్నవా డొకడు రోగి వెంట పోయినచో చాలును.