ఇంటి అప్పు నుంచి విముక్తి

 

కొన్నాళ్ళ క్రితం జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మా పక్కన కూర్చొని మనసు విప్పారు. ఆయన ఒక ప్రైవేటు ఉద్యోగి. ఐదేళ్ళ క్రితం బ్యాంకులో 20 లక్షల అప్పు తీసుకొని ఫ్లాటు కొన్నారు. ఏడాదికి నూటికి 9 రూపాయల వడ్డీ, 20 ఏళ్ళ గడువు. "నెలకు 18 వేల చొప్పున ఇప్పటికి దాదాపు 10 లక్షల 80 వేలు కట్టాను. మొన్న బ్యాంకు కాగితం చూస్తే ఇంకా 17 లక్షల 74 వేలు బాకీ అని ఉంది. త్వరగా తీర్చేయాలని సాయంత్రాలు ట్యూషన్లు, ఆదివారాలు ఒక దుకాణంలో లెక్కలు రాసే పని పెట్టుకున్నాను. నేను ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. మోకాళ్ళు చూపించుకోవాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళమని అమ్మ రెండు నెలలుగా అడుగుతోంది. వడ్డీ పాపమని తెలుసు. బయటపడాలని ఉంది. కాని ఇల్లు నిలబెట్టుకోబోయి ఇంట్లోవాళ్ళను పోగొట్టుకుంటున్నానేమో అనిపిస్తోంది" అన్నారు.

ఇది ఆయన ఒక్కరి బాధ కాదు. హైదరాబాదు మొదలుకొని గుంటూరు, కర్నూలు వరకు జీతాలమీద బతికే ఎన్నో ముస్లిం కుటుంబాల బాధ. అందుకే ఆయనకు చెప్పిన నాలుగు మాటలను పాఠకులందరితో పంచుకోదలిచాము.

వడ్డీ విషయంలో దైవాజ్ఞ

అల్‌ బఖరా సూరా 275 నుంచి 279 వరకు గల ఆయతులలో అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు. మిగిలిన వడ్డీని వదులుకోనివారికి అల్లాహ్ తరఫున, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని హెచ్చరించాడు. ఇంత తీవ్రమైన హెచ్చరిక విన్న తర్వాత విశ్వాసి గుండె వణకకుండా ఉంటుందా? వడ్డీ తినేవాడినే కాదు, ఇచ్చేవాడిని, పత్రం రాసేవాడిని, సాక్షులను కూడా దైవప్రవక్త (సల్లం) శపించారని, పాపంలో వారంతా సమానమేనని చెప్పారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కనుక "మేము తీసుకోవడం లేదు కదా, ఇస్తున్నాము అంతే" అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు.

సొంత ఇల్లు లేనివారి ఇబ్బందులను చూసి కొందరు పండితులు ప్రత్యేక పరిస్థితుల్లో సడలింపు ఇచ్చిన మాట నిజమే. కాని అత్యధిక పండితులు దాన్ని అంగీకరించలేదు. తల దాచుకోవడం అవసరం. ఆ అవసరం అద్దె ఇంటితో తీరుతున్నప్పుడు నిషిద్ధమైనదానికి అనుమతి రాదన్నది వారి మాట. ఇంకా అప్పు తీసుకోనివారు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి.

మరి, ఇప్పటికే దిగినవారి సంగతి? నిరాశ పడకూడదు. దైవ కారుణ్యం పట్ల నిరాశ చెందటం విశ్వాసి లక్షణం కాదు. చేసినదానికి పశ్చాత్తాపపడాలి; మళ్ళీ ఆ దారి తొక్కనని నిశ్చయించుకోవాలి; శక్తి ఉన్నంతలో త్వరగా అందులోంచి బయటపడాలి. ముందుగా తీర్చుకునే ప్రయత్నం కేవలం డబ్బు పొదుపు కాదు, అది తౌబాలో ఒక భాగం. ఈ సంకల్పంతో కట్టే ప్రతి అదనపు రూపాయీ ఆరాధనగా మారుతుంది.

బరీరా (రజి) కిస్తీలు

కిస్తీల బరువు ఈ కాలంలో పుట్టినది కాదు. హజ్రత్ బరీరా (రజి) బానిసగా ఉండేవారు. తన స్వేచ్ఛను కొనుక్కోవడానికి యజమానులతో ఒప్పందం చేసుకున్నారు. ఏడాదికి ఒక ఊఖియా, అంటే 40 దిర్హముల వెండి చొప్పున, తొమ్మిదేళ్ళు కట్టాలి. సాయం కోరుతూ ఆమె విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు వచ్చారు. "వారు సరేనంటే ఆ మొత్తం నేను ఒకేసారి చెల్లించి నిన్ను విడిపిస్తాను" అనే భావంతో హజ్రత్ ఆయిషా (రజి) మాట్లాడారు. యజమానులు తగని షరతు ఒకటి పెడితే దైవప్రవక్త (సల్లం) దాన్ని కొట్టివేశారు. బరీరా (రజి) స్వేచ్ఛ పొందారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

సోదరులారా! ఆలోచించండి. ఆ ఒప్పందంలో వడ్డీ లేదు. అయినా తొమ్మిదేళ్ళ బంధాన్ని ఒక్కనాడే తెంచడానికి హజ్రత్ ఆయిషా (రజి) ముందుకొచ్చారు. ఎందుకంటే ఎవరికో బాకీ పడి ఉన్న మనిషి సగమే స్వతంత్రుడు. అలాంటప్పుడు 20 ఏళ్ళపాటు వడ్డీతో కట్టుబడిన మెడను విడిపించుకోవడానికి మనం ఎంత తొందరపడాలి!

అప్పుతో మరణించడం

అప్పు లేని రోజున కన్ను మూయాలన్నది మన పెద్దల కోరిక. దాని వెనుక హదీసుల హెచ్చరిక ఉంది. దైవప్రవక్త (సల్లం) వద్దకు ఒక జనాజా తెచ్చినప్పుడు, మృతునికి మూడు దీనార్ల అప్పు ఉందని, తీర్చడానికి ఏమీ వదలలేదని తెలిసి, ఆయన స్వయంగా నమాజు చేయించక సహచరులను చేసుకోమన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనదని పూచీపడిన తర్వాతే చేయించారు. తరువాతి కాలంలో విజయాల వల్ల స్తోమత కలిగినప్పుడు, అప్పుతో మరణించిన విశ్వాసుల బాకీని ఆయనే తన మీద వేసుకున్నారు. షహీదుకు అన్నీ క్షమించబడతాయి గాని అప్పు కాదని సహీహ్ ముస్లింలో ఉంది. నమాజులో ఆయన అప్పు నుంచి అల్లాహ్ శరణు తరచుగా కోరేవారు. కారణం అడిగితే, అప్పులపాలైనవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, మాట ఇస్తే తప్పుతాడని వివరించారు.

అయితే తీర్చే ఉద్దేశంతో తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడన్న శుభవార్త కూడా సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి ముందు సరిచేసుకోవలసింది మన ఉద్దేశాన్ని.

లెక్క తెలుసుకోండి

వడ్డీ ఎలా పనిచేస్తుందో మన సోదరుని లెక్కలోనే చూద్దాం. ఊళ్ళ భాషలో చెప్పాలంటే ఇది ముప్పావలా వడ్డీ. వినడానికి తక్కువే. కాని మొదటి కిస్తీ 17,995 రూపాయల్లో 15,000 వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది 2,995 మాత్రమే. ఐదేళ్ళు కట్టినా అసలు 2 లక్షల 26 వేలే తగ్గింది. ఇలాగే 20 ఏళ్ళు కడితే మొత్తం 43 లక్షలు దాటుతుంది. అందులో 23 లక్షలకు పైగా వడ్డీయే!

ఇప్పుడు మరో కోణం చూడండి. ఆయన ఇక నుంచి నెలకు 5 వేలు అదనంగా కట్టగలిగితే, మిగిలిన 15 ఏళ్ళ బాకీ తొమ్మిదేళ్ళ ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. 5 లక్షల 70 వేలకు పైగా వడ్డీ తగ్గుతుంది. అదనంగా కట్టేది నేరుగా అసలులోంచి తగ్గటమే దీనికి కారణం. అయితే అలా కట్టినప్పుడు కిస్తీని కాక గడువును తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. మారే వడ్డీ రేటు మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చేవారి నుంచి జరిమానా వసూలు చేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది.

"వడ్డీ కడితే ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది, తొందరెందుకు?" అనేవారున్నారు. పన్నులో ఇరవయ్యో ముప్పయ్యో మిగుల్చుకోవడానికి నూరు రూపాయల వడ్డీ కట్టడం లాభమెలా అవుతుంది? లాభమే అయినా, నిషిద్ధమైనదాన్ని సాగదీయడానికి అది సాకు కాగలదా?

ఇంటివారి హక్కు

ఇక ఆ సోదరుని అసలు బాధకు వద్దాము. అప్పు తీర్చాలన్న ఆత్రంలో ఇంటిని మరచిపోవచ్చా? మరచిపోకూడదు. హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతూ ఇల్లాలిని పట్టించుకోవడం మానేశారు. ఆయన ఇంటికి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి) ఆమె నిరాడంబరమైన తీరు చూసి విషయం గ్రహించారు. నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ శరీరానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికివ్వమని హితవు పలికారు. దైవప్రవక్త (సల్లం) విని, సల్మాన్ చెప్పింది నిజమన్నారు. నమాజు, ఉపవాసాల కోసమే ఇంటివారి హక్కును కాదనడానికి వీల్లేనప్పుడు, బ్యాంకు కిస్తీ కోసం వీలవుతుందా?

కాబట్టి సంపాదన పెంచుకోవడం కన్నా ముందు ఖర్చు తగ్గించుకోవడం చూడాలి. ఆదివారాన్ని అమ్ముకునే ముందు ఇంట్లో దుబారా వెదకాలి. పెళ్ళిళ్ళలో గొప్పలు, ఏటా మార్చే ఫోను, అవసరం లేని కారు, సెలవుల్లో హోటళ్ళు - వీటిలో 5 వేలు దొరకని ఇళ్ళు తక్కువ. కాని తల్లిదండ్రుల మందులు, పిల్లల చదువు, భార్యకు ఇవ్వవలసిన మనువర్తి ఖర్చు - వీటిని కోసి అప్పు తీర్చడం ధర్మం కాదు. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, ఇంటివారికి ఖర్చుపెట్టిన దీనార్లలో ఇంటివారిపై పెట్టినదానికే అధిక పుణ్యమని హదీసు చెబుతోంది. జకాతు విధి అయినవారు, అప్పును ఎలా లెక్కించాలో ఆలిములను అడిగి తెలుసుకోవాలే గాని, అప్పు ఉందని జకాతును ఎగ్గొట్టకూడదు.

మరొక ముఖ్య విషయం. చాలా ఇళ్ళలో అప్పు తీర్చాలనగానే ముందుగా భార్య నగల మీద చూపు పడుతుంది. ఆమె మహర్, ఆమె బంగారం, ఆమె ఉద్యోగం చేస్తుంటే ఆమె జీతం - ఇవన్నీ ఆమె సొత్తు. అన్నిసా సూరా నాలుగవ ఆయతు ప్రకారం ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే భర్త తీసుకోవచ్చు. మొహమాటపెట్టి, అలిగి, అత్తమామల చేత చెప్పించి తీసుకున్నది మనస్ఫూర్తిగా ఇచ్చింది కాదు. ఒక పాపం కడుక్కోబోయి మరో అన్యాయం చేయకండి. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రతింపులతో సాగాలని ఖుర్‌ఆన్ బోధిస్తోంది. నెలకొకసారి ఇషా తర్వాత భార్యాభర్తలు కూర్చొని లెక్క చూసుకోండి. పెద్ద పిల్లలనూ కూర్చోబెట్టుకోండి. ఎందుకు పొదుపు చేస్తున్నామో తెలిస్తే పిల్లలు కొత్త చెప్పులకు మారాం చేయరు. రేపు తామూ వడ్డీ జోలికి పోరు.

సమాజం బాధ్యత

ఈ భారం ఒక్కరి మీదే వదిలేయడం మన సంప్రదాయం కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన విడుదల కోసం 300 ఖర్జూరపు చెట్లు నాటి, 40 ఊఖియాల బంగారం ఇవ్వాలని ఒప్పందమైనప్పుడు, సహచరులు తలా కొన్ని మొక్కలు తెచ్చిచ్చారు. దైవప్రవక్త (సల్లం) స్వయంగా తన చేతులతో నాటారు. నేడు మన మస్జిదుల్లో, జమాఅతుల్లో అలాంటి చేతులేవి? కుటుంబంలో నలుగురు అన్నదమ్ములు తలా లక్ష ఖర్జె హసనాగా ఇస్తే, ఐదో తమ్ముని మీద ఆ మేరకు వడ్డీ పడటం ఆనాడే ఆగిపోతుంది. తీసుకున్నవాడు అల్‌ బఖరా 282వ ఆయతు ఆదేశించినట్టు పత్రం రాసి, సాక్షులను పెట్టి, అన్న మాట ప్రకారం తీర్చాలి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువిచ్చినవానికి అల్లాహ్ తన నీడలో చోటిస్తాడని దైవప్రవక్త (సల్లం) శుభవార్త ఇచ్చారు.

చివరిగా ఒక జాగ్రత్త. మృత్యువు కిస్తీల గడువు చూసి రాదు. అప్పు ఎంత, కాగితాలెక్కడ, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది వీలునామాలో రాసి భార్యకు తెలియజేయండి. అప్పు పూర్తిగా తీరిన రోజున బాకీ లేదన్న పత్రం అడిగి తీసుకోండి. తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రిజిస్ట్రారు కార్యాలయంలో తాకట్టు నమోదై ఉంటే దాన్నీ తీసివేయించండి.

ఆ సోదరునితో మేము చివరికి ఇదే అన్నాము: "ట్యూషన్లు ఉండనివ్వండి, ఆదివారం పని మానేయండి. ఆ ఆదివారం అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పు రెండేళ్ళు ఆలస్యంగా తీరవచ్చు. ప్రయత్నం ఆపకుంటే, ఇన్షా అల్లాహ్, ఆ ఆలస్యానికి అల్లాహ్ మిమ్మల్ని పట్టుకోడు. అమ్మ హక్కు మాత్రం రేపటికి వాయిదా వేసేది కాదు." ఆయన కళ్ళు తుడుచుకొని లేచారు.

ఒప్పందపు సొమ్ము కట్టలేక వచ్చిన ఒక బానిసకు హజ్రత్ అలీ (రజి) ఒక దుఆ నేర్పారు. అప్పు కొండంత ఉన్నా దీనితో అల్లాహ్ తీరుస్తాడని, దైవప్రవక్త (సల్లం) తనకు నేర్పారని చెప్పారు. తిర్మిజీలో ఉన్న ఆ దుఆ భావంతోనే మనమూ చేతులెత్తుదాం: ఓ అల్లాహ్! నీవు ధర్మసమ్మతం చేసినదానితోనే మాకు సరిపెట్టు, నిషిద్ధమైనదాని వైపు పోనివ్వకు. నీ అనుగ్రహంతో నీవు తప్ప మరెవరి అవసరమూ లేకుండా చెయ్యి. మా మెడలను వడ్డీ నుంచి, మా ఇళ్ళను అశాంతి నుంచి విడిపించు. ఆమీన్.