రాలిన ఆకులు

పఠనము: లూకా 13:6–9

మాఘ ఫాల్గుణ మాసములలో తెలుగునాట దేవాలయపు ఆవరణలు ఆకులతో నిండును. నాటుబాదము ఎఱ్ఱబారి రాలును, వేపయు రావియు పసుపుబారి రాలును. శీతల దేశములలో అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చు ఆకురాలు కాలము ఇచ్చట తరచుగా శ్రమదినములతో కలిసి వచ్చును.

ఉదయమున ఊడ్చిన నేల మధ్యాహ్నమునకు మరల నిండగా విసుగు పుట్టును. అంతట ఆకులను ఒక మూలకు పోగుచేసి అగ్గిపుల్ల గీయుట వాడుక. ఆవరణ శుభ్రమగును; ప్రక్కయింటి ఉబ్బసపు ముసలమ్మ తలుపులు మూసికొనును. ఢిల్లీలో ఆకులు తగులబెట్టువారికి 5,000 రూపాయల జరిమానా విధింపవలెనని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆజ్ఞాపించినది. పొరుగువానిని ప్రేమింపుమని బోధించు ఆలయమునకు ఆ భయము అక్కరలేకుండవలసినది!

చెట్టు తన ఆకును ఊరక విడువదు. ముందుగా దానిలోని నత్రజని, భాస్వరములలో చాల భాగమును కొమ్మలోనికి తిరిగి తీసికొనును. పచ్చదనము తరుగగా మరుగుననున్న పసుపు బయటపడును. కాడ మొదట పలుచని పొర ఏర్పడి, అచ్చటనే ఆకు విడిపోవును, గాయము మూసికొనును. రాలిన దానిలోను సారము మిగిలియుండును. కాల్చినయెడల నత్రజని పొగతో పోవును, బూడిదలో కొన్ని లవణములు మాత్రమే నిలుచును. పేడయు పచ్చిగడ్డియు కలిపి, తడిపి, అప్పుడప్పుడు తిరుగవేసినయెడల కొన్ని నెలలలో నల్లని ఎరువగును. 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు ఈ దేశపు రైతులనే గురువులుగా ఎంచి, ఇట్టి ఎరువు విధానమును తీర్చిదిద్దెను. రోగము పట్టిన ఆకును మాత్రము మంచి మాలి ఆ గోతిలో వేయడు.

యెషయా 64వ అధ్యాయములోని వాడిన ఆకును గూర్చి వినినప్పుడు అనేకులు దోషమును మాత్రమే తలంతురు. అది న్యాయమే, ప్రవక్త జనుల పాపమును ఒప్పుకొనుచున్నాడు. అయితే 6వ వచనములో ఆకును చూపినవాడు 8వ వచనములో కుమ్మరిచేతి మట్టిని చూపుచున్నాడు. ఆకునుండి మట్టికి రెండు వచనముల దూరమే.

సంఘములలో ఇట్టి ఆకులు కలవు. ఒకప్పుడు ఆదివారపు బడి నడిపి, త్రాగుడుచేత పడిపోయి, ఏండ్ల తరువాత కన్నీటితో వచ్చి వెనుక బల్లమీద కూర్చుండువాడు ఒకడు. అతని పేరు సంఘపు పుస్తకములోనుండి కొట్టివేయుటయే శుభ్రమని పెద్దలు తలంతురు. అతని పాపము ఎవరికిని ఎరువు కాదు. అది రోగపు ఆకే. కాని విడువబడిన ఆ పాపమును గూర్చి అతడు దాచక చెప్పగల మాటను, అదే త్రోవ పట్టుచున్న పడుచువానికి ఆ పెద్దలలో ఎవరు చెప్పగలరు?

మూడేండ్లు ఫలము వెదకిన యజమానుడు అంజూరపు చెట్టును నరికివేయుమనెను. తోటమాలి ఇంకొక సంవత్సరము గడువు వేడుకొని, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. ఆ ఎరువు ఎక్కడిది? ఎవరో వద్దని పారవేసినదే. యజమానుడేమి ప్రత్యుత్తరమిచ్చెనో లూకా వ్రాయలేదు. చెట్టు ఫలించెనో లేదో అదియు వ్రాయలేదు. తోటమాలి మనవియొద్దనే ఆ కథ నిలిచియున్నది.