సాగుట బలహీనతయా?



నల్లమల వాకిటనున్న మన్ననూరు మనలో అనేకులు ఎరిగిన ఊరే. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట ఆ ఊరి మీదుగా అడవిలోనికి సాగును. ఆ అడవిలోని చెంచువారు కొండచరియలకు వ్రేలాడు తేనెపట్టులను తీయుటకు అడవితీగలతో పేనిన తాటిని పట్టుకొని దిగుదురు. పైన తాడు కాచువాడు దిగువాని భార్యకు తోడబుట్టినవాడై యుండవలెనని వారిలో వాడుక కలదని చెప్పుదురు. బావమరిది తన తోబుట్టువు పసుపుకుంకుమలకు కీడు తలపడు గదా! కాబట్టి దిగువాని ప్రాణమునకు రెండు కావలెను: తెగని తాడు, నమ్మదగిన మనిషి.

ఈ మాసము మనము ఆలోచింపదలచిన ప్రశ్న యిది: బలమనగా నేమి? ఒక మాట పడి ఊరకున్నవానిని లోకము చేతగానివాడనును. తగవులో ఒక అడుగు వెనుకకు వేసినవానిని పిరికివాడనును. ఈ తీర్పు న్యాయమైనదేనా?

దీనికి సాక్ష్యము మన శరీరములోనే యున్నది. తాడు పట్టిన ఆ చేతి కండలో మరియొక తాడు కలదు. కండలో సన్నని పోగులు, లావు పోగులు ఒకదాని ప్రక్కన ఒకటి జారుటచేత కండ ముడుచుకొనునని 1954లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. అయితే సాగిన కండ చినిగిపోక తిరిగి తన స్థితికి వచ్చుటకు కారణమేమి? ఈ పని చేయు సాగెడి ప్రోటీనును జపానులో కోసాకు మారుయామ 1977లో వర్ణించెను. అమెరికాలో క్వాన్ వాంగ్, ఆయన తోటివారు 1979లో దానికి టైటిన్ అని పేరు పెట్టిరి. గ్రీకుల పురాణములలోని మహాకాయుల పేరునుండి వచ్చిన మాట యిది. మన శరీరములోని ప్రోటీనులలో ఇదియే అతి పెద్దది. సాధారణమైన ప్రోటీనులో కొన్ని వందల అమైనో ఆమ్లములుండగా, దీనిలో సుమారు 27,000 మొదలు 34,000 వరకు ఉండును. అయినను దాని పొడవు మిల్లీమీటరులో వెయ్యవవంతునకు కొంచెము ఎక్కువ మాత్రమే.

గొల్యాతు వంటి ఈ మహాకాయుడు ఎట్లు పనిచేయును? పూసలదండలో పూసలవలె, చిన్నచిన్న మడతలు సుమారు 300 దీనిలో వరుసగా కూర్చబడియున్నవి. కొంచెము లాగినయెడల దాని వంకరలు సరియగును. ఇంకను లాగినయెడల మడతలు లేని ఒక మెత్తని భాగము స్ప్రింగువలె సాగును. 1997లో జర్మనీలోని మ్యూనిక్‌లో మథియాస్ రీఫ్, హెర్మన్ గౌబ్ మొదలైనవారు మిక్కిలి సన్నని సూదిమొనతో ఈ ప్రోటీను ముక్కలను పట్టి లాగి చూచిరి. లాగుడు హెచ్చినకొలది మడతలు ఒక్కసారిగా తెగిపోలేదు. ఒకదాని తరువాత ఒకటి విడివడెను. ఒక మడత విడినప్పుడెల్ల పోగు కొంచెము పొడవై, దానిమీది బిగువు తగ్గెను. ఆ చిన్నది లొంగినందున మొత్తము నిలిచెను. లాగుడు ఆపగానే విడిన మడతలు మరల తమంతట తాము ముడుచుకొనెను.

కాబట్టి సాగుట బలహీనత కాదు. ఒకచోట తగ్గి ఇల్లు విరుగకుండ కాపాడిన తల్లి, అన్నదమ్ముల భూమి తగవులో గట్టు విషయము విడిచిపెట్టిన పెద్దన్న, వీరిని చేతగానివారనుట తప్పు.

అయితే ఇక్కడనే మనము నిలిచిపోయినయెడల సగము సత్యమే చెప్పినవారమగుదుము. విడిన మడత తిరిగి ముడుచుకొనినది ఎప్పుడు? లాగుడు సడలినప్పుడే. బిగువు విడువక లాగుచున్నంతసేపు ఎంత బలమైన పోగైనను తన రూపునకు రాలేదు. మరియు ప్రోటీనునకు మనస్సు లేదు, కన్నీరు లేదు, మనుష్యునికి ఉన్నవి. ఓర్పు అనునది ఓర్చువాడు ఇచ్చు కానుక. లాగువాడు దానిని హక్కుగా అడుగరాదు. "ఓర్చుకొనుము, వాక్యము అట్లే చెప్పుచున్నది" అని కోడలితో అత్తయు, కూలివానితో ఆసామియు పలుకునప్పుడు, వారు వాక్యమును తాడుగా చేసి లాగుచున్నారు.

ఏలీయాను జ్ఞాపకము చేసికొందము. అతడు బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని చావు కోరెను. దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట నిద్ర ఇచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్ర, మరల ఆహారము. అటుతరువాతనే ప్రయాణము, ఆ తరువాత పని (1 రాజులు 19). విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసునికిని దాసికిని యజమానునితో సమానముగా విశ్రాంతి నియమింపబడెను (ద్వితీయోపదేశకాండము 5:14). బిగువు సడలించుట పైనున్నవాని ధర్మమని దీనివలన తేటపడుచున్నది.

మన పాలమూరు ప్రాంతపు కూలీలు దేశములో ఎన్నోచోట్ల ఆనకట్టలు, కాలువలు కట్టిన సంగతి మనకు తెలియును. ముందుగా తీసికొన్న రూకలకు బద్ధులై, దినమనక రాత్రియనక శ్రమపడినవారు మన బంధువులలోనే యున్నారు. వారి ఓర్పును మెచ్చుకొనుట సులభము. వారి బిగువును సడలించుటకు మనమేమి చేసితిమి?

కొండ అంచున తాడు కాచువాడు గట్టిగా పట్టుకొనుట మాత్రమే నేర్చినయెడల చాలదు. ఎప్పుడు వదులు ఇయ్యవలెనో కూడ ఎరిగియుండవలెను. ఈ మాసము మన ఇంటిలోను, పొలములోను, సంఘములోను ఎవరి తాడు మన చేతిలో నున్నదో పరీక్షించుకొందము. వారు బలవంతులే కావచ్చును. అందుచేతనే వారు అలసిరో లేదో మనము అడుగలేదేమో. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, అట్టివారిలో ఒక్కరినైనను అడుగుదము గాక.