దేహము ఆట కొరకా?



మన భాల్కి, బీదరు ప్రాంతాల్లో జాతర వచ్చిందంటే కుస్తీ చూడాలని అందరికీ ఆశే. మట్టిలోకి దింపేముందు పెద్దలు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తారు. జోడు కుదరాలి. బలవంతుని చేతికి బలహీనుని అప్పగించరాదన్న న్యాయము అందులో ఉన్నది. మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచినది కూడా 69 కిలోల తరగతిలోనే.

అమెరికా ఫుట్‌బాల్‌లో ఆ తూకము లేదు. ముందు వరుసలో నిలిచి ఎదుటివానిని నెట్టే ఆటగానికి ఎంత బరువుంటే అంత లాభము. 1985లో చికాగో బేర్స్ జట్టులో చేరిన విలియం పెర్రీ 300 పౌండ్లు, అనగా 136 కిలోలు దాటినవాడని జనము వింతగా చూశారు. నేడు ఆ వరుసలో అది మామూలు బరువు. 2001 ఆగస్టులో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ఎండలో సాధన చేసి, వడదెబ్బతో 27 ఏళ్లకే చనిపోయాడు. అతని బరువు 150 కిలోలకు పైనే. భారీ దేహములో పుట్టిన వేడి త్వరగా బయటికి పోదు. ఆ బరువును మోయవలసినది గుండె. రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగుట వెంట వస్తాయి.

"అతడు ఇష్టపడి ఆడాడు, డబ్బు సంపాదించాడు, మనకేమి?" అనవచ్చు. ఇష్టము నిజమే. కాని బరువు తగ్గితే జట్టులో చోటు పోతుందన్నప్పుడు ఆ ఇష్టము ఎంత స్వేచ్ఛ గలది? చప్పట్లు కొట్టే మనకు అందులో పాలు లేదా?

తూకము ఉన్నచోట కూడా కష్టము లేకపోలేదు. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువై ఫైనల్ కుస్తీకి దూరమైనది. ముందురాత్రంతా ఆ దేహము పడిన శ్రమ మనము విన్నాము. పెంచమన్నా, తగ్గించమన్నా దెబ్బ తినేది దేహమే.

దేహము దేవుని ఆలయమని సారాయి, పొగాకు విషయములో మనము ఎన్నోసార్లు బోధించాము. ఆట విషయములో చెప్పితిమా? అమెరికాలోని మన బంధువు రేపు ఫోను చేసి, "కోచ్ మా వాణ్ణి ఇంకా ఇరవై కిలోలు పెరగమంటున్నాడు, ఏం చేయమంటావు అన్నా?" అని అడిగితే ఏమందుము?

ఆడవద్దనకండి. బలము దేవుని వరమే. ఒక్క మాట అడగండి: "ఆట ముగిసిన తరువాత, యాభై ఏళ్ల వయసులో ఆ దేహమును ఎవరు మోస్తారు?" తినమన్న కోచ్ అప్పుడు మంచము పక్కన కూర్చోడు. కూర్చునేది తల్లి, భార్య, బిడ్డలు. కాబట్టి ఆ నిర్ణయములో వారి మాటకు కూడా చోటుండాలి.