తల్లి మౌనమును ప్రశ్నింపవచ్చునా?

టెక్సాసు రాష్ట్రమందలి ప్లేనో నగరమున కుమారుని యింట ఒక మలయా తెలుగు తల్లి ఉన్నదనుకొనుడు. 1936 ప్రాంతమున రబ్బరుతోటలో పుట్టినది. 1950, 60 దశకములలో మలయానుండి నర్సు శిక్షణకై ఇంగ్లాండు ఆసుపత్రులకు పోయిన యువతులలో ఒకతె. మనుమలకు ఆమె చెప్పు కథలన్నియు అక్కడివే: 1962-63 నాటి ఘోరమైన చలికాలము, గదిలో గ్యాసుపొయ్యి వెలుగుటకై మీటరులో వేసిన షిల్లింగు, తొలి జీతము. తోటలోని బాల్యమును గూర్చి అడిగినచో మాత్రము లేచి వంటింటికి పోవును.

ఆ బాల్యమెట్టిదో చరిత్ర చెప్పుచున్నది. 1941 డిసెంబరు 8న జపాను సేనలు మలయాలో దిగెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. బియ్యము కరవై తోటలవారు కర్రపెండలముతో కడుపు నింపుకొనిరి. 1943లో తమిళ, తెలుగు కూలీలను వేలాదిగా సయాం-బర్మా రైలుమార్గమునకు తరలించిరి. 415 కిలోమీటర్ల ఆ దారి పొడవున కలరా, మలేరియా, ఆకలి వారిని కబళించెను. యుద్ధఖైదీలుగా మరణించిన సైనికులకు కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులున్నవి. కూలీలకు ఆ పాటి గౌరవమును దక్కలేదు.

ఆమె తండ్రియు అట్లు పోయి మరలిరానివాడైనచో, ఆమె మౌనమును భంగపరచుటకు కొడుకునకు అధికారము కలదా? దుఃఖము ఆమెది, దాచుకొనుటయు ఆమె యిష్టమే అనువారు కలరు. ఆ మాట కొంతవరకే నిజము. కుంతి కర్ణుని జన్మరహస్యమును యుద్ధము ముగియువరకు దాచెను. గంగాతీరమున తర్పణములు విడుచువేళ తప్పనిసరియై చెప్పెను. అన్నయని ఎరుగక చంపించితినే యని ధర్మరాజు కుమిలిపోయెను. కుంతి మౌనమునకు కారణము లేకపోలేదు. దాని వెల చెల్లించినవారు మాత్రము బిడ్డలు.

కావున కొడుకు తల్లిని తాతగారి పేరు అడుగవచ్చును. ఆయనను లారీ ఎక్కించిన ఉదయము ఎట్లుండెనో అడుగుటకు అధికారము లేదు. అది ఆమె చెప్పదలచిననాడు వినవలసినది. పేరైనను అతిథుల యెదుట, టేపురికార్డరు ముందుంచి అడుగరాదు. ఇంగ్లాండు కథలను విసుగులేక, నూరవసారియైనను వినుట మేలు. మంచులో నడచిన ఆ పిల్ల చేతిసంచితో ఎక్కడనుండి బయలుదేరినదో, ఆమెను ఓడ ఎక్కించుటకు ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో, ఆ కథలోనే ఒకనాడు వచ్చును.

మరణతిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉండనే ఉన్నది. తిథి లేకున్నను తర్పణము సాగును. మాతామహుని స్థానమున పలుకుటకు ఆ కొడుకునకు ఒక్క పేరు కావలెను.