సకాలసేవ

విత్తనము చల్లుటకు భూమి పదునుగా నుండవలయును. పదును తప్పిన పిదప ఎంత శ్రమించినను పంట అంతంతమాత్రమే. వైకల్యముతో పుట్టిన బిడ్డలకు తొలి సంవత్సరములే ఆ పదును.

అట్టి బిడ్డ కలిగినప్పుడు మన ఇండ్లలో సాధారణముగ రెండు మాటలు వినవచ్చును. ‘కొందరికి ఆలస్యముగ వచ్చునులే’ యనునది ఒకటి. ‘పూర్వజన్మ కర్మము, అనుభవింపక తప్పదు’ అనునది రెండవది. మొదటిది ఆశ, రెండవది నిరాశ. అయినను రెండింటి ఫలమును ఒక్కటే: కాలహరణము. కర్మసిద్ధాంతము ప్రయత్నమును నిషేధింపలేదు. బిడ్డకు జ్వరము వచ్చిన, కర్మమని ఊరకుండు తల్లి లేదు. వినికిడి విషయమున మాత్రమేల ఊరకుండవలెను? బిడ్డ పూర్వకర్మమును తూచుట మన పని కాదు. బిడ్డయెడ మన ధర్మమును నెరవేర్చుటయే మన పని.

చెవి వినపడని శిశువు కూడ తొలి నెలలలో తక్కిన పసివారివలెనే ఊకొట్టును. కావున లోపము తల్లికి తెలియదు. పుట్టిన మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోపల నిర్ధారణ, ఆరవ నెలలోపల వినికిడి యంత్రమో, తగిన శిక్షణయో ఆరంభము కావలెనని వైద్యులు చెప్పుదురు. మాటను గ్రహించు శక్తి మెదడునందు వికసించు కాలమదియే. పాదములు లోనికి వంగి పుట్టిన శిశువునకు తొలివారములలోనే చికిత్స ఆరంభించి, వారము వారము కట్టు మార్చుచు పోయినచో, పెద్ద శస్త్రచికిత్స లేకయే చాలవరకు పాదము సరియగును. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని పిల్లలను మందలించు పెద్దలు, ఆ సామెతను తమకే చెప్పుకొనవలసిన తావు ఇది.

తమిళదేశమున స్థిరపడిన తెలుగువారిని తలపించు పేరుగల రెడ్డియార్‌పాళయము పుదుచ్చేరిలోనిది. తెలుగుగడ్డయైన యానాము సైతము ఆ పుదుచ్చేరి పాలనలోనిదే. ఆ నగరమున 2003లో స్థాపితమైన సత్య ప్రత్యేక పాఠశాల ఇట్టి బిడ్డలకు చిన్ననాటనే శిక్షణ నిచ్చుచున్నది. దేశమంతట 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, వైద్యబృందములు అంగన్‌వాడీలలో ఏటికి రెండుమారులు పిల్లలను పరీక్షింపవలెను. లోపము కనిపించినచో జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, అధిక వైకల్యముగల పిల్లలకు 6 నుండి 18 సంవత్సరముల వరకు ఉచితవిద్యను హక్కుగా నొసగినది. కాని శిక్షకురాలు బిడ్డతో గడపునది వారమునకు కొన్ని గంటలే. మిగిలిన కాలమంతయు ఇల్లే పాఠశాల. తల్లి పలుకే పాఠము.

ఇంత చేసినను ప్రతి వైకల్యమును తొలగిపోదు. అప్పుడు శ్రమ వ్యర్థమైనదా? భారతములోని అష్టావక్రుని తలచుకొందము. ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బాలుడు మూల కూర్చుండలేదు. తాతయైన ఉద్దాలకుని ఆశ్రమమున, తన యీడువాడగు మేనమామ శ్వేతకేతువుతో సమముగ పెరిగెను, చదివెను. జనకుని వాకిట ద్వారపాలకుడు బాలుడని అడ్డగించెను. ద్వారము తెరచిన పిదపనే ఆ సభకు వాని విద్య తెలిసినది. వాదమున వంది ఓడెను. సమంగానదిలో స్నానముచేసి అవయవములు చక్కబడుట ఆ తరువాతి కథ. గెలిచిననాటికి వంకరలు అట్లే యున్నవి!

కావున తొలినాటి సేవకు గమ్యము లోపము మాయమగుట మాత్రమే కాదు. బిడ్డ నలుగురిలో ఒకడై నిలుచుట. తల్లిదండ్రులు సిద్ధపరచిన బిడ్డకు ద్వారము తెరువవలసినది మనము. బడిలో పక్కన చోటిచ్చు సహపాఠి, జాలిచూపు మాని పేరుపెట్టి పిలుచు పొరుగువారు, ఉత్సవమున వెనుకకు నెట్టక ముందు నిలుపు భక్తులు, వీరందరును ఆ చికిత్సలో భాగస్వాములే. జీవుని శివుడని సేవింపుమని శ్రీరామకృష్ణులు బోధించిరి. ఆ శివుడు మన ఇంట ఊయలలో పరుండి, మన పిలుపునకు తలత్రిప్పక యున్నాడేమో! రేపు చూతమనక, నేడే చేతులందు ఎత్తుకొని వైద్యుని చెంతకు కొనిపోవుటయే ఆయనకు చేయదగిన పూజ.