నొప్పి తెలియని దేహం



కాగుతున్న గిన్నెను మసిగుడ్డ లేకుండా పట్టుకున్న తల్లి చేయి ఏమి చేస్తుంది? "అమ్మో" అనకముందే వెనక్కి వస్తుంది. చర్మంలోని నరాల కొనలు వేడిని పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము మెదడు ఆజ్ఞకోసం ఆగకుండా చేతి కండరాలను కదిలిస్తుంది. ఆ తరువాతగాని మెదడుకు మంట తెలియదు. రెప్పపాటులో జరిగే ఈ పనిని సృష్టికర్త మన దేహానికి కావలిగా ఉంచాడు.

నొప్పిని తీసివేయమని ప్రార్థిస్తాము. కాని నొప్పి బొత్తిగా తెలియని అవయవం గతి ఏమిటి? కుష్ఠువ్యాధి సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నారు. అది నరాలను దెబ్బతీయగా చేతులకు, పాదాలకు స్పర్శ పోతుంది. వ్రేళ్లను రోగమే తినివేస్తుందని లోకం చాలాకాలం నమ్మింది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ అసలు సంగతి చూపించారు. కాలినా, తెగినా, ముల్లు దిగినా తెలియక, గాయం మీద గాయమై అవయవం నశిస్తున్నది.

హాన్సెన్ ఆ సూక్ష్మజీవిని కనుగొన్న 1873లోనే పునీత డేమియన్ గురువులు హవాయిలోని మొలొకాయి దీవికి వెళ్లారు. అక్కడ వెలివేయబడిన రోగుల పుండ్లు కడిగారు, ఇళ్లు కట్టారు, మృతులకు శవపేటికలు చేశారు. 1884 చివర ఒకనాడు మరిగే నీళ్లలో కాలు పెట్టారు. చర్మం బొబ్బలెక్కింది గాని మంట తెలియలేదు. ఆ వ్యాధి తనకూ సోకిందని గ్రహించి కూడా ఆ ప్రజలను విడువలేదు. 1889లో వారి మధ్యనే కన్నుమూశారు. 2009లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆయన పాదానికి స్పర్శ పోయినా హృదయానికి పోలేదు.

మన సంగతి ఏమిటి? ప్రొద్దున తొడిగిన ఉంగరం కాసేపటికి వ్రేలికి తెలియదు. ఒకే తాకిడి అలాగే ఉంటే నరాలు దానిని పట్టించుకోవడం మానివేస్తాయి. హృదయానికీ ఈ అలవాటు అంటుకుంటుంది. ప్రక్క ఇంటిలో తాగుడు గొడవ మొదటి రాత్రి మనకు నిద్ర పట్టనివ్వదు. నెల గడిచాక మన నిద్రను అదేమీ చెరుపదు. పూజకు రావడం మానిన కుటుంబం కూర్చునే చోట మరొకరు కూర్చుంటారు. ఒక అవయవం బాధ దేహమంతటిదని పునీత పౌలు గారు కొరింతీయులకు బోధించారు (1 కొరింతీ 12). ఆ బాధ మనకు చేరకపోతే, స్పర్శ పోయినది మన విచారణకే.

తల్లిదండ్రులారా, మరొక మాట. పిల్లల ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనబడితే, సంబంధాలు చెడుతాయని దాచకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. వ్యాధి పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అలాంటి ఇంటిని వెలివేయకండి. అందరూ దూరంగా నిలిచిన కుష్ఠురోగిని యేసుప్రభువు చేయి చాచి తాకారు (మార్కు 1).

ఈ వారం ఆత్మశోధనలో ఒక ప్రశ్న వేసుకుందాం: ఒకప్పుడు నన్ను బాధించిన ఎవరి కన్నీరు ఇప్పుడు నన్ను బాధించడంలేదు? ఆ పేరు గుర్తుకు రాగానే, ఆదివారం వరకు ఆగక, ఆ ఇంటి తలుపు తట్టండి.

ప్రభువు మిమ్ము దీవించునుగాక.